ముత్యం బావ గొడుగుల దండు

మా ముత్యం బావకు సూర్యుడి మీద నమ్మకం లేదు. దేవుణ్ణి నమ్ముతాడు, డాక్టర్లను నమ్ముతాడు, కరెంటు పోయినప్పుడు లైన్‌మన్ "పది నిమిషాల్ల వస్తది" అంటే దాన్ని కూడా నమ్ముతాడు. సూర్యుణ్ణి మాత్రం నమ్మడు. పొద్దున ఎనిమిది దాటితే గొడుగు లేకుండా గడప దాటడు. గొడుగు కింద వెడల్పు టోపీ, టోపీ కింద తువ్వాల, తువ్వాల కింద తెల్లటి క్రీము, ఇవన్నీ తీస్తే అప్పుడు మా బావ. చొక్కా చేతులు వేళ్ళదాకా వస్తాయి. ఇదేదో చలికాలం వేషం అనుకునేరు. రామగుండం మే నెల వేషం.

అలాంటి మనిషికి బామ్మర్దిగా గోదావరిఖనిలో బతకడం ఎంత సిగ్గుచేటో మీకు తెలియదు, నాకు తెలుసు. నేను బొగ్గుగనుల కంపెనీ ఆఫీసులో గుమాస్తాని. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, నలుగురిలో "ఉపేందర్ గారు" అనిపించుకునే మర్యాద. ఈ మర్యాద మొత్తం నేను నెలంతా కూడబెట్టుకుంటే, మా బావ ఒక్కసారి చౌరస్తాలో కనబడి తుడిచిపెట్టేవాడు.

బావ అంటే మా అనసూర్యక్క పెనిమిటి. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి మైనింగ్ సర్దార్‌గా రిటైరయ్యాడు. సర్దార్ పనేమిటంటే, షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందు లోపలికి దిగాలి. పైకప్పును కర్రతో తట్టి చూడాలి, గ్యాసు ఉందో లేదో చూడాలి. అంతా బాగుంటే సుద్దముక్కతో తేదీ వేసి తన గుర్తు పెట్టాలి. ఆ గుర్తు ఉన్నచోటే మిగతావాళ్ళు పనిచేస్తారు. బాగాలేకపోతే రెండు కట్టెలు అడ్డంగా కట్టి వచ్చేస్తాడు. ఆ కట్టెలు దాటడానికి ఎంత పెద్ద ఆఫీసరుకైనా వీల్లేదు.

ఉద్యోగం దిగిపోయింది గాని, చేతిలోంచి సుద్దముక్క దిగలేదు. రిటైరైన కొత్తలో ఊళ్ళో పొలం దగ్గర ఎండలో తిరిగి తిరిగి బట్టతల మీద బొబ్బలెక్కించుకున్నాడు. చర్మం డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆమె చూసి, "వయసు మీద పడితే చర్మం పలచబడుతుంది, ఎండను తట్టుకోలేదు, జాగ్రత్తగా కప్పుకోండి" అని ఒక్క మాట చెప్పింది. బావ బయటికి వచ్చి మెట్ల మీద నిలబడిపోయాడు. తలెత్తి ఆకాశం వైపు అట్లాగే చూస్తున్నాడు.

"ఏమైంది బావా?"

"ఉపేందర్, ముప్పై ఏండ్లు కప్పు కూలుతదేమోనని తట్టి తట్టి చూసిన. ఇప్పుడు సూడరా, కప్పే లేదు!"

"ఆకాశానికి కప్పేంది బావా?"

"నేను గదే అంటున్న. సపోర్టు లేని జాగల ఇంత మంది ముసలోళ్ళు తిరుగుతున్నరు. అడిగే సర్దారే లేడు."

మర్నాటి నుంచి అడిగే సర్దార్ వచ్చాడు. తెల్లవారుతూనే కాలనీ అంతా తిరిగి, నీడ ఎక్కడ పడుతుందో, ఎంతసేపు ఉంటుందో చూసి సుద్దతో గీతలు గీయడం మొదలుపెట్టాడు. చాయ్ హోటల్ బల్ల మీద "పది దాకా" అని రాసి, తేదీ వేసి, కింద "ము" అని గుర్తు. పోస్టాఫీసు మెట్ల మీద "తొమ్మిదిన్నర దాకా, ము." రేషన్ షాపు ముందు గీత వంకరగా పోతుంది, ఎందుకంటే అక్కడి నీడ వేపచెట్టుది. లైన్లో నిలబడేవాళ్ళు కూడా ఆ గీత వెంటే వంకరగా నిలబడాలి. నిలబడేవారు కూడాను. ఎండ తగిలే బల్లలకు మాత్రం రెండు కట్టెలు అడ్డంగా కట్టి ఉండేవి.

ఒకరోజు రిటైరైన పోశం ఆ కట్టెలు తీసి పక్కన పడేసి, చొక్కా విప్పి, దర్జాగా ఎండలో కూర్చున్నాడు. బావ పరుగెత్తుకొచ్చాడు.

"పోశం, కట్టెలు కనబడ్తలేవా?"

"కనబడ్డయి. ముప్పై ఏండ్లు చీకట్ల బతికినం. ఇప్పుడన్న కడుపునిండ ఎండ చూడనియ్యి."

"చూడు. నీడల కూసోని చూడు. ఎండ ఏడికి పోదు."

"నా తోలు నా ఇష్టం."

"బాయిల గిట్లనే అన్నవ్. 'నా పానం నా ఇష్టం' అని కప్పు కిందికి ఉరికినవ్. నీ అంగీ పట్టి ఎవలు గుంజిండ్రు?"

పోశం లేచి నీడలోకి జరిగాడు. నిజానికి బాయిలో ఆయన అంగీ పట్టి గుంజింది మా బావే. ఆ రోజు కూలిన బొగ్గు పెళ్ళ పోశం చెప్పు ఒక్కటే తీసుకుపోయింది. అప్పట్నుంచి పోశం నోటితో ఎదిరిస్తాడు గాని కాళ్ళతో మాత్రం బావ చెప్పినచోటికే పోతాడు.

కనకవ్వ సంగతి వేరు. కూరగాయలమ్మే కనకవ్వకు డెబ్బై దాటాయి. బావ తెచ్చిన క్రీము చూసి పగలబడి నవ్వింది.

"తెల్లగున్నోళ్ళు రాసుకుంటరు బిడ్డా గివన్ని. నా అసొంటి నల్లదానికి ఎండేం జేస్తది?"

"బొగ్గు నల్లగుండదా అవ్వా?"

"ఉంటది."

"మరి అంటుకుంటలేదా?"

కనకవ్వ ఆలోచించింది. తర్వాత చెయ్యి చాచింది. "ఏదీ, జరంత పెట్టు" అంది. అప్పట్నుంచి ముఖానికి, చెవులకు, మెడ వెనక రాసుకోనిదే తట్ట ఎత్తదు. రాసేది కూడా బావ పద్ధతిలోనే. బయటికి పోయే అరగంట ముందు రాయాలి, బాగా రుద్దాలి, చెమటకు పోతే మళ్ళీ రాయాలి. ముద్దలు కనబడితే బావ ఊరుకోడు. "గోడకు సున్నమేసినట్టు గదేంది, రుద్దు రుద్దు" అని రోడ్డు మీదే అరుస్తాడు. పెద్దవాళ్ళు కొన్ని రకాల గోలీలు వేసుకుంటే చర్మం ఎండకు ఇంకా తొందరగా కమిలిపోతుందని డాక్టరమ్మ చెప్పిందట. ఇక చూడండి, ఎవరు కనబడ్డా "ఏం గోలీలు ఏసుకుంటున్నవ్? డాక్టర్‌ను అడిగినవా?" అన్నదే పలకరింపు.

ఇంతవరకు నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది టార్చిలైటు. మానని పుండు, పెరిగే మచ్చ, రంగు మారే పుట్టుమచ్చ ఎక్కడైనా ఉంటే దవాఖానకు పోవాలని విన్నప్పటినుంచి, బావ జేబులో చిన్న టార్చి పెట్టుకుని పెద్దవాళ్ళ చెవులు, ముక్కులు, పెదవులు తనిఖీ చేయడం మొదలుపెట్టాడు. మా ఆఫీసులో పెద్ద ఆఫీసరు రిటైర్‌మెంట్ ఫంక్షన్‌కు ఎట్లా దూరాడో దూరాడు. వరసలో నిలబడి, దండ వేస్తాడనుకుని ఆఫీసరు మెడ వంచగానే, ఆయన చెవి పట్టుకుని టార్చి వేశాడు.

"సార్, గీ పొక్కు ఎన్నొద్దులాయె? మానుతున్నదా, పెరుగుతున్నదా?"

ఆఫీసరు నావైపు తిరిగి, "ఎవరీయన?" అన్నాడు.

"తెల్వదు సార్" అన్నాను నేను. ఏం చేయను, నోటికి అదే వచ్చింది.

బావ పక్కనే మైకుంది. ఆయన నిజంగా ఆశ్చర్యపోయి, దాని ముందుకు వంగి, "గిదేంది ఉపేందర్, నేను నీ బావను గదరా!" అన్నాడు. ఆ మాట బయట షామియానా కింద భోజనాలు చేస్తున్నవాళ్ళకు కూడా వినబడింది. తల కొట్టేసినట్టయింది నాకు. చాలా రోజులు ఆఫీసుకు వెనక గేటు నుంచే పోయాను.

పొద్దున్నే బావ వెంట నడకకు పోయే ముసలివాళ్ళు పెరిగారు. ముందు బావ, వెనక పోశం, కనకవ్వ, ఇంకా పేరు పేరునా చెప్పలేనంత మంది. అందరికీ టోపీలు, నిండు చేతుల చొక్కాలు, విప్పిన గొడుగులు. పిల్లలు దానికి గొడుగుల దండు అని పేరు పెట్టారు. ఆ దండు ఎదురైతే నేను సందులోకి తిరిగిపోయేవాణ్ణి. బావ మాత్రం దూరం నుంచే, "ఉపేందర్, బోడినెత్తితోని పోతున్నవేంది!" అని కేకేసేవాడు. దండంతా గొడుగులు పక్కకు వంచి నన్ను జాలిగా చూసేది.

ఇలా ఉండగా మా అమ్మాయి సంధ్యారాణికి సంబంధం కుదిరింది. కుదిర్చింది మేం కాదు. హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ తనూ, శ్యామ్ అనే అబ్బాయీ ముందు ఒకరినొకరు చూసుకుని, తర్వాత మాకు చూపించుకున్నారు. శ్యామ్ తండ్రి గోపాలరావుగారు మా కంపెనీలోనే ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి మంచిర్యాలలో ఇల్లు కట్టుకున్నారు. ఆఫీసర్ల కుటుంబం. గుమాస్తా ఇంటికి ఇంజినీరుగారు వియ్యంకుడిగా వస్తున్నారంటే నాకు నిద్ర పట్టలేదు. అందులో సగం సంతోషం, సగం మా బావ.

వాళ్ళు మా ఇంటికి వచ్చే రోజు బావను ముందే బతిమాలుకున్నాను.

"బావా, నీ కాల్మొక్త. ఇయ్యాల టార్చి ఇంట్ల పెట్టి రా. సుద్ద కూడ."

"క్రీము?"

"ఏదీ వద్దు. నువ్వొక్కనివే రా."

బావ మాట నిలబెట్టుకున్నాడు. వట్టి చేతులతో వచ్చి మూలన కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు. గోపాలరావుగారు నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయన భార్య సుబ్బలక్ష్మిగారు ఇంకా నెమ్మది. ఏప్రిల్ ఎండలో కూడా మణికట్టు దాటే పొడుగు చేతుల జాకెట్టు, చేతులు రెండూ కొంగు చాటున. నా భార్య జమున మిఠాయి పళ్ళెం ముందు పెడితే, "తర్వాత తింటానండీ" అని చిరునవ్వు నవ్వింది. పెద్దింటి వాళ్ళు ఇట్లాగే కూర్చుంటారు కాబోలు అనుకున్నాను.

జమున చాయ్ కప్పు అందించింది. కప్పు కాబట్టి చెయ్యి చాచక తప్పలేదు. ఆమె చెయ్యి చాచింది, అందుకుంటుంటే కొంగు జారింది. మూలనున్న బావ ముందుకు వంగి, "చెల్లె, గా చెయ్యి జర ఇటు చూపెట్టు" అన్నాడు.

సుబ్బలక్ష్మిగారు ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. చాయ్ చీర మీద ఒలికింది. ఆమె ముఖంలో నెత్తురు లేదు. బావ ఏం చూశాడో నేను చూడలేదు. ఆయన నోరు మూయించడానికి లేచే తొందరలో ఉన్నాను.

"క్షమించండి, నాకు తలనొప్పిగా ఉంది" అంది ఆమె. కాసేపటికే అందరూ లేచి కారెక్కారు. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది. పరాయి ఆడమనిషిని, అందులో కాబోయే వియ్యపురాలిని, చెయ్యి చూపించమంటాడా? కారు మలుపు తిరిగిందో లేదో బావ మీద పడ్డాను.

"నీకు బుద్ధున్నదా బావా? నీ పిచ్చికి నా బిడ్డ పెండ్లి కావాల్నా?"

బావ నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. "తప్పయింది ఉపేందర్" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన నాతో తప్పయిందనడం అదే మొదటిసారి. గెలిచాననుకుని ఇంకో నాలుగు మాటలన్నాను. ఆయన గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత సుబ్బలక్ష్మిగారు మళ్ళీ కనబడలేదు. నిశ్చయం చేసుకోవడానికి గోపాలరావుగారు ఒక్కరే వచ్చారు. చీరలు కొనడానికీ రాలేదు. లగ్నపత్రిక రాసుకున్న రోజూ రాలేదు. "ఆవిడకు కాస్త నలతగా ఉందండీ" అని గోపాలరావుగారు నేల చూస్తూ చెప్పేవారు. "పెళ్ళికి వస్తారు కదా బావగారూ?" అని అడిగితే, "చూద్దామండీ" అన్నారు. కన్నతల్లి కొడుకు పెళ్ళికి రావడం చూడవలసిన విషయమా?

చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పిల్లవాడి తల్లికి ఇష్టం లేదట, పిల్ల నచ్చలేదట, మర్యాదలు సరిగా జరగలేదట. సంధ్యారాణి ఫోన్లో ఏడ్చింది.

"నాయినా, అత్తమ్మ రాకపోతే నేను పీటల మీద ఎట్ల కూసోవాలె? శ్యామ్‌ను అడిగితే ఏం చెప్తలేడు."

"వస్తది బిడ్డా. ఫికర్ చెయ్యకు" అన్నాను. ఎట్లా వస్తుందో నాకు మాత్రం ఏం తెలుసు? ఫోన్ పెట్టేసి తిన్నగా బావ ఇంటికి పోయాను. అక్క చాయ్ పెడతానన్నా వద్దన్నాను.

"బావా, ముహూర్తం పగటిపూట ఉన్నది. ఎదురుకోళ్లు ఎండలనే అయితయి. ఆడ నీ గొడుగు కనబడ్డదా, నీకు నాకు మాటల్లేవు."

"నా గొడుగు ఒక్కటి కనబడదు. సరేనా?"

"ఒట్టా?"

"ఒట్టు" అన్నాడు బావ. చాలా శాంతంగా అన్నాడు. నాకప్పుడే అనుమానం రావలసింది.

ఎదురుకోళ్లంటే మా వైపు పెళ్ళిలో పెద్ద ముచ్చట. మగపెళ్ళివాళ్ళు బండ్లు దిగి వస్తుంటే ఆడపెళ్ళివాళ్ళు సగం దారి ఎదురుపోయి కలుసుకోవాలి. షర్బత్తులు ఇచ్చుకోవాలి, గులాల్ చల్లుకోవాలి, వియ్యపురాళ్ళు ఒకరి చేతులకు ఒకరు గంధం పూసుకోవాలి. పిల్లవాడి తల్లి చేతులు చాచి గంధం పూయించుకుంటేనే రెండిళ్ళు కలిసినట్టు లెక్క. నలుగురూ చుట్టూ మూగి చూసేది అదే.

పెళ్ళిరోజు ఫంక్షన్ హాలు ముందు రోడ్డు మీద నేను కోటు వేసుకుని నిలబడ్డాను. పది గంటలకే తారు మెత్తబడుతోంది. కోటు కింద చెమట కాలువలు కడుతోంది. జమున చేతిలో గంధం గిన్నె. బ్యాండు మోగుతోంది. కార్లు వచ్చి ఆగాయి. శ్యామ్ దిగాడు, గోపాలరావుగారు దిగారు, వాళ్ళ చుట్టాలు దిగారు. ముందు కారు వెనక సీట్లో సుబ్బలక్ష్మిగారు కనబడింది. వచ్చింది! నా గుండె తేలికపడింది. కాని ఆమె దిగలేదు. కారు అద్దం కూడా దించలేదు.

"కాసేపు లోపలే కూర్చుంటుందండీ" అన్నారు గోపాలరావుగారు. ఆయన ముఖం చూడలేకపోయాను.

జమున గంధం గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది. చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా పెదనాన్న కొడుకు ఒకాయన, "దిగదా ఏంది?" అని అందరికీ వినబడేటట్టే అన్నాడు. సంధ్యారాణి హాలు కిటికీలోంచి చూస్తోందని నాకు తెలుసు. అటు తిరగడానికి ధైర్యం చాలలేదు.

అప్పుడు బ్యాండు ఆగిపోయింది. బ్యాండువాళ్ళు నోళ్ళు తెరుచుకుని మలుపు వైపు చూస్తున్నారు. నేనూ చూశాను.

గొడుగుల దండు వస్తోంది. మొత్తం దండు. పోశం, కనకవ్వ, మా అనసూర్యక్క, మా వైపు ముసలీ ముతకా అందరూ. పట్టుచీరల మీద నిండు చేతుల చొక్కాలు, పంచెల మీద టోపీలు. దానికి తోడు ముఖాలకు, మెడలకు, చేతులకు మందంగా తెల్లటి క్రీము, రుద్దకుండా, ముద్దలు ముద్దలుగా, ఇక్కడ తెలుపు అక్కడ నలుపు. అందరికంటే ముందు మా బావ. ఒట్టు ప్రకారం ఆయన చేతిలో గొడుగు లేదు. పోశం పట్టుకున్నాడు.

ఆ క్షణంలో నేను పడ్డ సిగ్గు పగవాడికి కూడా వద్దు. ఇంజినీరుగారి చుట్టాల ముందు నా వంశం మొత్తం సున్నం గోడలా నడిచి వస్తోంది. ఫోటోగ్రాఫరు నవ్వు ఆపుకోలేక కెమెరా దించేశాడు. బావ ఎవర్నీ చూడకుండా సరాసరి కారు దగ్గరికి పోతున్నాడు. ఆపుదామని వెనక పరుగెత్తాను.

బావ కారు అద్దం మీద వేలితో మెల్లగా తట్టాడు. అద్దం దిగింది. ఆయన తన రెండు చేతులూ ఆమె ముందు పెట్టాడు. నల్లటి చేతుల మీద తెల్లటి మచ్చలు.

"చెల్లె, దిగు" అన్నాడు చిన్న గొంతుతో. "ఇయ్యాల ఈడ తెల్ల చేతులు లేనోళ్ళు ఎవ్వలు లేరు."

సుబ్బలక్ష్మిగారు ఆయన చేతులు చూసింది. వెనక నిలబడ్డ కనకవ్వను, పోశాన్ని, అక్కను, దండు మొత్తాన్ని చూసింది. పోశం మీసాల మీద క్రీము దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆపుకోలేక భుజాలు కదిలేటట్టు నవ్వుతోంది.

తలుపు తెరుచుకుంది. కనకవ్వ ముందుకొచ్చి గొడుగు పట్టింది. "రా బిడ్డా, ఎండల నిలబడకు" అంది. సుబ్బలక్ష్మిగారు నడిచివచ్చి, జమున ముందు నిలబడి, కొంగు చాటు నుంచి రెండు చేతులూ తీసి చాచింది.

అప్పుడు చూశాను నేను. వేళ్ళ మీద, మణికట్టు మీద తెల్లటి మచ్చలు. క్రీము కాదు, బొల్లి. ఒక మచ్చ ఎండకు కమిలి ఎర్రగా ఉంది. జమున కూడా చూసింది. ఒక్క క్షణం ఆగి, గంధం గిన్నెలో చెయ్యి ముంచి, ఆ చేతుల నిండా పూసింది. తర్వాత దండులో ఆడవాళ్ళంతా వరసగా వచ్చి పూశారు. ఎవరి చేతిది క్రీమో, ఎవరి చేతిది గంధమో, ఎవరి చేతిది ఏమిటో ఎవరికీ తెలియలేదు. అడిగే తీరిక కూడా లేదు. ఎందుకంటే గోపాలరావుగారి అక్క, "ఇదేదో మీ వైపు ఆచారమా? మాకూ పెట్టండమ్మా" అని చేతులు చాచింది. పోశం ఎంతో గంభీరంగా, "ఆచారమే" అని ఆమెకూ ఇంత ముద్ద పెట్టాడు. బ్యాండు మళ్ళీ అందుకుంది.

భోజనాల దగ్గర గోపాలరావుగారు నన్ను పక్కకు తీసుకుపోయారు.

"మా ఆవిడకు ఈ మచ్చలు నాలుగేళ్ళ నుంచీ ఉన్నాయండీ. ఇంట్లోంచి కదలడం మానేసింది. మీ ఇంటికొచ్చిన మర్నాడే మీ బావగారు బస్సెక్కి మంచిర్యాల వచ్చారు. 'అమ్మా, ఇది అంటుకునేది కాదు, సిగ్గుపడేది కాదు. రంగు లేని చోట ఎండ తొందరగా కాలుస్తుంది. దాని గురించి ఒక్కటే జాగ్రత్త పడండి' అని చెప్పి, మా ఆవిడను డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. ఆవిడ మాత్రం ఎవరికీ చెప్పొద్దని, ముఖ్యంగా మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మచ్చలు చూసి అమ్మాయిని పంపరేమోనని భయం."

ముందే తెలిసి ఉంటే నేనేమనేవాణ్ణో నాకే తెలియదు. ఆ తెలియకపోవడమే అన్నిటికంటే సిగ్గుగా అనిపించింది. బావను వెతుక్కుంటూ పోయాను. చెయ్యి కడుక్కునే చోట దొరికాడు. క్రీము, గంధం కలిసిపోయి ఎంత కడిగినా పోవడం లేదు.

"బావా, నేను అన్ని మాటలంటే ఎట్ల పడ్డవ్? ఒక్క మాట నా చెవుల ఏస్తే ఏం పోవు?"

"నమ్మి చెప్పిన ముచ్చట ఇంకొకలకు చెప్తరార? నువ్వు తిట్టుడంటవా, నాకేమన్న కొత్తనా? మీ అక్కను చేసుకున్నప్పటిసంది వింటనే ఉన్న."

"మరి నీ దండుకు ఏమని చెప్పినవ్?"

"ఏం చెప్తా? రుద్దకుండ్రి అన్న, అంతే. 'రోజు రుద్దుమంటవ్, ఇయ్యాల వద్దంటున్నవేంది?' అని ఒక్క కనకవ్వే అడిగింది. 'పెండ్లి గదా అవ్వా, జర కనబడాలె' అన్న. ఏ, పక్కకు జరుగు, సబ్బు అందనియ్యి."

నెల తర్వాత పెళ్ళి ఆల్బం వచ్చింది. తెచ్చింది సుబ్బలక్ష్మిగారే. పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని, పెద్ద గొడుగు వేసుకుని, బస్సులో వచ్చింది. జమునా, అనసూర్యక్కా, ఆమే చాప మీద కూర్చుని ఒక్కొక్క ఫొటో చూస్తూ ఒకటే నవ్వు. ఎదురుకోళ్ల ఫొటో దగ్గర ఆమె ఆగింది. రెండు వైపుల చుట్టాలు, పిల్లలు, బ్యాండువాళ్ళు కూడా, అందరికీ తెల్లటి చేతులు, తెల్లటి ముక్కులు, అందరి ముఖాలూ విచ్చుకుని ఉన్నాయి. నడిమధ్యన కోటు వేసుకుని ఒక మనిషి, ఎండకు మాడిన ముఖంతో, చెమటలు కక్కుతూ, అందర్నీ కొరకొరా చూస్తున్నాడు.

"అన్నయ్యగారూ, పాపం, ఇందులో మీరొక్కరే కాస్త వేరుగా పడ్డారు" అంది సుబ్బలక్ష్మిగారు, నొప్పించకూడదని ఎంతో మెత్తగా.

ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా జమున ఆ ఆల్బమే ముందు తీస్తుంది. ఎదురుకోళ్ల పేజీ వచ్చేసరికి, మంచినీళ్ళు తెస్తానని నేను వంటింట్లోకి లేచిపోతుంటాను.